బారెడు జంటగిన్నె

పైవాన్ తెగవాళ్ళ కొండపల్లెలో ఒక పలకరాళ్ళ ఇంటి అరుగు. మర్నాడు మనవరాలు సెలెప్ పెళ్ళి. చెక్కపని చేసే ముసలి చమక్, పొలంనించి అప్పుడే వచ్చిన అతని భార్య వెనెంగ్.

"ఇది గిన్నా, కావడిబద్దా?"

"జంటగిన్నే. ఒకే దుంగలో తొలిచా. రెండు చివర్లా రెండు గిన్నెలు కనపడ్డంలా?"

"ఎందుకు కనపడవు? ఒకటి మన వాకిట్లో ఉంది, ఇంకోటి పక్కింటి వాకిట్లో ఉంది. మధ్యన ఇంత కర్రేమిటయ్యా?"

"దానిమీద పామును చెక్కాలి కదే. కాటేస్తే నూరడుగులు నడవనివ్వని పాము మన వంశానికి పెద్ద. చోటు చాల్లేదని పెద్దాయన తోక కోసెయ్యమంటావా?"

"మీ నాన్న చెక్కిన గిన్నెలో పెద్దాయన బుద్ధిగా చుట్ట చుట్టుకుని కూచున్నాడు. నీ దాంట్లో పడకేశాడేం?"

"వయసు మీదపడింది పాపం."

"పాముక్కాదు, నీకు. రేపు నువ్వూ, పెళ్ళికొడుకు తాత కపాంగూ భుజమూ భుజమూ ఆనించి, చెంపా చెంపా ఆనించి తాగాలి. ఆయన చెంప తగలకూడదనేగా ఈ ఎత్తు?"

"పంది దొంగ చెంప నాకెందుకే?"

"మొదలెట్టావూ, మళ్ళీ పంది."

"అది మామూలు పందా? కొండమీద నిలబడితే దాని వీపు ముళ్ళకి తగులుకుని మబ్బులు చిరిగిపోయేవి. దాన్ని పడగొట్టిన తుపాకి గుండు నాది. దవడెముక మాత్రం వాడి గుమ్మానికి వేలాడుతోంది."

"పోయినేడు దున్నపోతంతే అన్నావు. చచ్చిన పంది ఇంకా పెరుగుతోందేం?"

"మేత అలాంటిది."

"నవ్వకు. పెద్దలిద్దరూ ఒక్కసారే ఎత్తి, చుక్క ఒలక్కుండా తాగకపోతే రెండిళ్ళూ కలిసినట్టు కాదు. సెలెప్ పొద్దుట్నించీ చేమదుంప ముక్కైనా ముట్టలేదు. 'తాతయ్య నా పెళ్ళి పాడుచేస్తాడు' అని ఒకటే ఏడుపు."

"ఒలకదని చెప్పవే దానికి."

"ఎలా ఒలకదూ? నువ్విటు వంచితే అటు ఆయన ముక్కులోకి పోతుంది."

"మొదట్లో పోతుంది. తరవాత సర్దుకుంటుంది."

"నీకెలా తెలుసు?"

"ఆమాత్రం తెలీదా? పక్కన ఆనుకుని ఉంటే అవతలివాడి కదలిక భుజానికి తెలుస్తుంది. ఇంత దూరాన తెలీదు. 'ఊఁ, ఎత్తు' అనాలి. 'ఆగాగు' అనాలి. 'నీ మొహం, ఇంకాస్త వంచు' అనాలి."

"ఎవరితో?"

"తాగేవాడితో."

"కపాంగ్‌తో మాటల్లేవుగా నీకు?"

"మాట్లాడ్డం ఎవడిక్కావాలి? అది కేకెయ్యడం. కేక మాటల్లోకి రాదు."

"ఇలా దగ్గరికి రా. ఏదీ, ఊదు. ఓరి నీ... పెళ్ళికని దాచిన కొర్రకల్లు జాడీ ఏదీ? ఇదేం, ఇంత తేలిగ్గా ఉంది?"

"కొంచెం సాధన చేశా."

"జంటగిన్నెతో ఒక్కడివీ ఏం సాధన? రెండో చివర దేనికి కట్టావు, గుంజకా?"

"గుంజ ఎత్తమంటే ఎత్తదు కదే."

"మరి రెండో చివర ఎవరు పట్టుకున్నారయ్యా?"

"మెల్లిగా అరువు. పంది సగం నాదేనని ఒప్పుకుని ఇప్పుడే లోపల నీ మంచంమీద ఒరిగాడు. లేపావంటే మాట మార్చేస్తాడు."