నూనె నిలవని పట్టాలు

ఎస్కిల్‌స్టూనా ఊళ్లో లేత్ మిషన్లు తయారుచేసే మా షెడ్డు. తొమ్మిదింటి కాఫీ వేళ. కాఫీ అయ్యాక ఫోర్‌మన్ స్వాంటె నా పని చూడాలి. లేత్ మీద కోత పనిముట్టును మోసే బండి జారే పట్టాలను నెల రోజులు ఉలితో గీకాను. ఆయన సరేనంటే పట్టా చివర నా పేరు ముద్ర కొట్టుకోవచ్చు, ఉద్యోగం ఖాయం. కాదంటే ఇంటికే. అది తెలిసే, ముసలి హాల్వార్ బన్ను కాఫీలో ముంచి మొదలెట్టాడు.

"తూవా, నీ పట్టాలు చూశానమ్మా. కోళ్లు కెలికిన పెరడులా ఒళ్లంతా గుంటలే. ఇప్పుడైనా సానపట్టి లేపెయ్. నేనూ ఒకసారి పట్టాలు నున్నగా చేశాను. మరీ నునుపేం కాదులే, ఈగ వాలితే జారిపడి నడుం విరగ్గొట్టుకుంది, అంతే."

"పాపం ఈగ," అన్నాడు స్వాంటె.

"ఈగదేముంది, ఆఫీసు గుమాస్తా రోజూ వచ్చి అందులో చూసుకుంటూ గడ్డం గీసుకునేవాడు. ఒకరోజు అతని మొహమే జారి ఆ చివరికి పోయింది, పరిగెత్తి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత నూనె పోశాను, ఏమైందో తెలుసా? చుక్క నిలిస్తే ఒట్టు. గీత లేదు, గుంట లేదు, నిలవడానికి చోటేదీ? తలుపు దాటి, ఏట్లో పడి, మెలారెన్ సరస్సులో కలిసింది. ఆ వేసవంతా చేపలు, పట్టినవాళ్ల చేతుల్లోంచి జారి మళ్లీ నీళ్లలోకే."

"మరి నూనె లేకుండా బండి ఎలా జరిగింది?" అన్నాను.

"జరగడమా? వేలు చూపించాను, తాకను కూడా లేదు. గోడ దాటి స్టాక్‌హోం పోయింది, అక్కడా ఆగలేక సముద్రం మీదుగా ఫిన్లాండ్ చుట్టి, సాయంత్రం సైరన్ మోగేసరికి తన పట్టాల మీదికి తనే వచ్చి కూర్చుంది."

"తాతా, నీ కథలో ఒక్క ముక్క నమ్ముతాను. నూనె నిలవలేదన్నావే, అది. నా గుంటలు అందుకే. ఒక్కోదాంట్లో కాస్త నూనె దాక్కుంటుంది, బండి దాన్ని అడుగున పూసుకుంటూ పోతుంది. నూనె లేకపోతే ఇనుమును ఇనుము కరుచుకుంటుంది. స్వాంటె అన్నా, ఆ కెటిల్ కాస్త ఎత్తు."

ఎత్తాడు. రోజూ కాఫీ పెట్టుకునే ఆ బల్ల నిజానికి పాత లేత్ పట్టాలు, వాటికి అతుక్కుపోయిన బండి. కెటిల్ కింద మరక తుడిచాను. పట్టా చివర ముద్ర: హాల్వార్.

"ఫిన్లాండ్ వెళ్లొచ్చింది ఇదేనా? ఇరవై రెండేళ్లుగా సుత్తితో కొట్టినా కదల్లేదట."

హాల్వార్ బన్ను నిదానంగా నమిలి మింగాడు. "అంత దూరం తిరిగొస్తే అలిసిపోదా మరి?"

స్వాంటె లేచి వెళ్లి నా బండిని చిటికెన వేలితో తోశాడు. అది చప్పుడు లేకుండా ఆ చివరిదాకా వెళ్లి ఆగింది. సుత్తీ ముద్రా నా చేతిలో పెట్టాడు.

"కొట్టుకో," అన్నాడు. "ఫిన్లాండ్ మాత్రం పంపకు."