కింది కొమ్ముకి కొత్త చిల్లు

"తాతా, ఈ గిటార్‌కి పై కొమ్ము మీది బెల్టు చిల్లు పూడ్చేసి, కింది కొమ్ముకి కొత్తది పెట్టేవేటి? ఉల్టా అయిపోయింది కదా?"

ఉల్టాయే. కావాలనే చేసేను. రా, ఆ స్టూలు మీద చెక్కపొట్టు దులుపుకుని కూర్చో. జాగ్రత్త, పక్కనే వార్నీషు డబ్బా ఉంది. ఈ ఇంట్లో పోపు వాసన కన్నా వార్నీషు వాసనే ఎక్కువొస్తాదని మీ అమ్మమ్మ ఇప్పటికే నస పెడుతోంది.

ఇది బాస్ గిటార్. నాలుగే తీగలు, లావువి. పాట అడుగున గుమ్‌మని ఒకటి వినిపిస్తాదే, అదే ఇది. మీ అమ్మమ్మ తమ్ముడు సింహాచలం ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. మా నాన్న ఇక్కడ స్టీలు ప్లాంట్ కట్టేటప్పుడు చీపురుపల్లి వేపు నించొచ్చి క్యాంప్ వన్ కాలనీలో కాపరం పెట్టేడా, ఆ ఇంటి వెనక సందులోనే వాళ్ల రిహార్సళ్లు. అప్పట్లో కొత్త తీగలు కొనాలంటే నెల రేషన్ మానుకోవాలి. తెగిన తీగ ముడేసి... కాదులే, ముడేస్తే మోగదు. పాత తీగల్నే గిన్నెలో ఉడకబెట్టి మళ్లీ ఎక్కించేవాడు. మురికంతా ఊడిపోయి కొత్తవాటిలా మోగేవి. ఆ గిన్నె ఏదనుకున్నావు? మీ అమ్మమ్మ పప్పు గిన్నె! పెళ్లైన కొత్తలో ఆ పప్పు నేను కూడా తిన్నాను.

వాడి దగ్గర చూసి చూసే నాకు ఈ పని అబ్బింది. రిటైరై ఈ రుఆబాంధా ఇంట్లోకొచ్చేక పాత బాసులు కొనడం, బాగు చెయ్యడం, కావలసినవాళ్లకి ఇవ్వడం, ఇదే నా బడి. పాత గిటార్ కొనడవంటే ఎద్దుని కొనడమే అమ్మలూ. మెరుపు చూడకూడదు, మెడ చూడాలి. ఇలగ కంటికి ఆన్చి ఈ చివర నించి ఆ చివరికి చూడు. వంకరుంటే తెలిసిపోతాది. మెడ లోపల ఇనప చువ్వ ఉంటాది, దాన్ని తిప్పి సరిచెయ్యొచ్చు. అయితే పావు తిప్పు తిప్పి ఒక రోజంతా ఊరుకోవాలి. తొందరపడితే చువ్వ పుటుక్కుమంటాది. చెక్కకి టైం ఇవ్వాలి.

ఆఁ, నువ్వడిగింది చిల్లు గురించి కదూ. వస్తున్నాను.

నెల కిందట ఒకతను స్కూటర్ మీదొచ్చేడు. వెనకాల పద్నాలుగేళ్ల గుంట, ఒళ్లో సంచిలో ఇదే గిటార్. గుమ్మంలోనే కాళ్లకి దండం పెట్టి "గురూజీ, చిన్హేవ్ కా?" అన్నాడు. గుర్తుపట్టేరా అని. నేను దుర్గ్ అవతల పల్లె బడిలో ముప్ఫై ఏళ్లు చెప్పేను కదా, ఎంతమందిని గుర్తుపెట్టుకుంటాను? పేరు ధనేశ్ అన్నాడు. హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల్లో లేత్ మిషన్ మీద పని. కూతురు దామిని. స్కూల్ బ్యాండ్‌లో బాస్ వాయిస్తానందిట, రాయ్‌పూర్‌లో ఎవరో అమ్మేస్తుంటే ఈ పాతది తెచ్చేడు. మెడ వంగిపోయి తీగలు చేతికి అందనంత ఎత్తు లేచిపోయేయి.

"బాగు చేస్తాన్లే, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. కూర్చుని ఏం చేసేడనుకున్నావు? ఎడం చెయ్యి తొడ కింద పెట్టుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చేడు. రెండో తరగతి. నల్లగా, సన్నగా ఉండేవాడు. ఎడం చేత్తో బలపం పట్టేవాడు. నేను... ఏం చెప్పను, నాకప్పుడు కొత్త ఉద్యోగం, పిల్లల్ని బాగుచెయ్యాలని మహా ఆత్రం. "ఆ చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చో, కుడి చేత్తో రాయి" అనేవాణ్ణి. తీస్తే స్కేలు దెబ్బ. ఏడాదంతా అంతే. చివరికి కుడి చేత్తోనే రాసేడు, నేను గొప్ప పని చేసేననుకున్నాను. కానీ బోర్డు మీద లెక్క చెయ్యమంటే పరిగెట్టుకొచ్చే గుంటడు ఆ తర్వాత ఎన్నడూ చెయ్యెత్తలేదు. ఐదుతో మానేసేడు. చెక్కకి ఇచ్చిన టైం వాడికి ఇవ్వలేదు నేను.

వాడికి నలభై దాటినా ఆ చెయ్యి ఇంకా తొడ కిందే ఉంది చూడు.

ఇంతలో వాడే అన్నాడు, "గురూజీ, ఈ పిల్ల కూడా ఉల్టా హాత్‌తోనే పట్టుకుంటాది. మీరొక మాట చెప్పండి. నన్ను సీధా చేసేరు కదా, దీన్ని కూడా చేసీండి." ఆ పిల్ల నేలచూపులు చూస్తోంది. స్కూల్లో ప్రోగ్రాం ఉందిట, తాళం అందుకోలేకపోతే ఇంకొకర్ని పెట్టేస్తామన్నారుట.

గిటార్ పిల్ల చేతికిచ్చి, వాళ్ల నాన్న చెప్పినట్టే వాయించమన్నాను. కుడి చేత్తో మీటింది. ప్రతి దెబ్బా ఒక్క రవ్వ వెనకపడిపోతోంది. "ఇప్పుడు నీకెలగ ఇష్టమో అలగ పట్టుకో" అన్నాను. వాళ్ల నాన్న వేపు చూసింది. నేను తలూపేను. మెల్లిగా తిరగేసి పట్టుకుంది. లావు తీగ కిందకెళ్లిపోయింది, సౌండు తిప్పే మీటలు మోచేతికి తగులుతున్నాయి, బెల్టు నిలవడం లేదు. అన్నీ అడ్డమే. కానీ తాళం చూడు, గడియారమే!

మీ అమ్మమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. గరిటె చేతిలోనే ఉంది.

నేనన్నాను, "ధనేశ్, ఆవేళ తప్పు నీ చేతిది కాదురా. నాది." వాడు కంగారుపడిపోయేడు. "అయ్యో, అలగ అనకండి గురూజీ, మీరు మంచికే చేసేరు. మిషన్లన్నీ సీధా హాత్ కోసమే కదా, రేపు ఇదెలగ బతుకుతాది?" అన్నాడు. వాడి భయం వాడిది, అబద్ధం కాదు. "మిషన్‌ని మార్చడానికి మనిద్దరం లేవేటి?" అన్నాను. బెల్టు కోసం కింది కొమ్ముకి చిల్లు పెట్టేస్తే మళ్లీ ఎవరూ కొనరేమో అన్నాడు. కొనరు, నిజమే. అందుకే నేనూ డ్రిల్లు పట్టుకుని కాసేపు ఆగేను. అప్పుడు ఆ పిల్ల నోరు విప్పింది. "మనం దీన్ని అమ్మం కదా పప్పా" అంది. అంతే.

పై కొమ్ము చిల్లులో టేకు చీల దిగ్గొట్టి, కింది కొమ్ముకి బెల్టు మేకు పెట్టేను. తిరగేసి పట్టుకుంటే ఇప్పుడిదే పైకొమ్ము, అర్థమైందా? మీటలు కూడా జరిపేను. మిగిలింది ఇదిగో, మెడ మొదట్లో తీగలు కూర్చునే ఈ చిన్న పట్టీ. లావు తీగకి లావు గాడి, సన్నదానికి సన్న గాడి. వరస తిరగబడిందంటే పట్టీ కొత్తది కొయ్యాలి. వెంట్రుకవాసి తప్పితే తీగ గర్రుమంటాది. నా కళ్లకి ఆ పని ఇప్పుడు చేతకాదు.

"నువ్వు లేత్ షాపులో ఆకురాయి ఏ చేత్తో పడతావురా?" అని అడిగేను ధనేశ్‌ని. సిగ్గుపడ్డాడు. అటూ ఇటూ చూసి, "ఎవరూ చూడనప్పుడు... ఉల్టా" అన్నాడు. నవ్వొచ్చింది నాకు. ఏడుపు కూడా వచ్చిందిలే. "అయితే ఈ పట్టీ నువ్వే కొయ్యి" అన్నాను.

పోయిన ఆదివారం ఇత్తడితో చేసి తెచ్చేడు. వేలు పెట్టి చూడు, ఎంత నున్నగా ఉందో! రిటైరైన కాణ్ణించీ ఈ పనిలోనే ఉన్నాను, ఇలాంటి పట్టీ నా చేత్తో ఒక్కటి రాలేదు. ఎక్కించి పిల్లకిచ్చేం. ఈ వరండాలోనే, నువ్వు కూర్చున్న చోటే వాయించింది. మొదట రెండు చోట్ల తప్పింది, ఆగలేదు. మూడోసారికి కిటికీ అద్దం కూడా గుమ్‌మంది.

నేను పిల్లని చూడలేదు. వాడినే చూస్తున్నాను. తొడ కిందనించి ఆ చెయ్యి మెల్లగా బయటికొచ్చింది. వాడికి తెలీదు. మోకాలి మీద పడి తాళం వేస్తోంది. ఒక్క దెబ్బ కూడా వెనకపడలేదు.

శనివారం ప్రోగ్రాం. పిల్ల ఎలగ వాయిస్తాదో ఏమో, కంగారుపడితే పడనీ, తనలాగే వాయిస్తాది కదా. ఈ సాయంత్రం తీసుకెళ్తామన్నారు, అందుకే ఆఖరి మెరుగు పెడుతున్నాను.

అదిగో, స్కూటరేనా అది? వెళ్లి గేటు తియ్యమ్మా. ఆగు, ఒకపాలి ఇలగ రా... వార్నీషు అంటించుకున్నావు, చెయ్యి చూపించు. ఊఁ, రెండోది కూడా. నీ రెండు చేతులూ చల్లగుండాలే తల్లీ. పో, గేటు తియ్యి, పాపం బయటే నిలబడ్డారు...