కొనేవాడు ఒకడు కావాలి

సంతరోజు పొద్దున. కిరాణా కొట్టు వెనకగదిలో కొట్టాయన, ఆయన భార్య, దర్జీ పని చేసే ఆమె తమ్ముడు.

“నా వల్ల కాదు బావా. ఇంకెవర్నైనా చూసుకో.”

“ఇంకెవరున్నార్రా? ఆ కిటికీలోంచి చూడు. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా అందరూ బల్లలేసుకు కూర్చున్నారు. అందరూ అమ్మేవాళ్ళే. కొనేవాడు ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు లేడు.”

“నేనూ అమ్మేవాణ్ణే. తెల్లారకముందే మా ఆవిడ బల్ల వేసేసింది. నిమ్మ సబ్బు, పసుపు సబ్బు, బొగ్గు సబ్బు.”

“బొగ్గు సబ్బేంట్రా?”

“ముందు నల్లగా అవుతాం, తర్వాత తెల్లబడతాం.”

“సరే, పక్కన మంగలి బల్ల మీద ఏముంది?”

“సబ్బు.”

“కంసాలి?”

“సబ్బే. కాకపోతే పువ్వులు చెక్కాడు.”

“వడ్రంగి?”

“సబ్బు. వాళ్ళావిడ సబ్బు చేసింది, వాడు పెట్టె చేశాడు. సబ్బు కన్నా పెట్టె బావుంది.”

“బడి పంతులుగారైనా...”

“ఆయనదీ సబ్బే బావా. పైన అక్షరాలు అచ్చేశాడు. రుద్దుకుంటే చదువొస్తుందంటున్నాడు.”

“ఇదంతా ఎవరి వల్లండీ?”

“నువ్వు మధ్యలో దూరకు. పట్నం నుంచి మనూరొచ్చి శిక్షణ ఇచ్చారే, వాళ్ళ వల్ల.”

“వాళ్ళేమన్నారు? పల్లె బాగుపడాలంటే ఇంటికో పని ఉండాలి, బుట్టలల్లండి, తేనెటీగలు పెంచండి, చాపలు నేయండి, సబ్బులు చెయ్యండి, ఎవరికి నచ్చింది వాళ్ళు నేర్చుకోండి అన్నారు. ఇల్లిల్లూ తిరిగి అందరికీ సబ్బే మంచిదని చెప్పిందెవరు?”

“మరి రెండేళ్ళుగా కొబ్బరినూనె పీపాలు కొట్లో మూలుగుతుంటేనూ!”

“అంచేత?”

“అంచేత ఊరంతా సబ్బు చేస్తే నూనె కదులుతుంది. కదిలింది. నా లెక్క ఎక్కడా తప్పలేదు.”

“నూనె కదిలింది, సబ్బు ఆగింది.”

“అది వాళ్ళ లెక్క.”

“నిన్నటిదాకా. ఇవాళ్టి నుంచి మన లెక్క. తమ్ముడూ, అసలు సంగతి మీ బావ నీకు చెప్పాడా?”

“ఏ సంగతక్కా? ఎవరో సంతల అధికారి వస్తున్నాడు, కొనేవాడిలా తిరుగు అన్నాడు. అంతే.”

“ఆ అధికారి అమ్మేవాళ్ళని చూడ్డానికి రావడం లేదురా. కొనేవాళ్ళున్నారా లేదా అని చూస్తాడు. లేరంటే సంత ఎత్తేస్తారు. సంత లేకపోతే బస్సు మానేస్తారు. బస్సు లేకపోతే మన కొట్టుకి సరుకు రాదు. అప్పుడు మీ బావ...”

“చెప్పకు.”

“...పట్నంలో పెద్దన్నయ్య ఇనప సామాన్ల కొట్లో చేరాలి.”

“ఓహో! పెద్దన్నయ్య దగ్గరా! నువ్వా బావా!”

“నవ్వకురా. గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడతాడనుకున్నావా? గోదాములో మేకులు తూయిస్తాడు. పదిమంది ముందూ ‘ఇదిగో, నిన్నే’ అని పిలుస్తాడు. పెళ్ళినాటి నుంచీ ఆ రోజు కోసమే కాచుక్కూచున్నాడు.”

“అన్నయ్య అలాంటివాడు కాదండీ.”

“మొన్న కనపడితే ‘మేకులు సైజువారీగా తెలుసా బావగారూ?’ అని అడిగాడు. ఎందుకడిగినట్టు?”

“సరే బావా, నీ కష్టం చూస్తే నాకూ జాలేస్తోంది. కానీ మా ఆవిడ కళ్ళ ముందు ఇంకొకళ్ళ సబ్బు కొంటే రాత్రికి నేనెక్కడ పడుకోవాలి?”

“గుర్తుపడితే కదా! నీ దగ్గర ఎవరో కుట్టించుకుని తీసికెళ్ళని పొడుగు కోటు ఉంది చూడు, అది వేసుకో. ఇవిగో నల్ల కళ్ళద్దాలు. ఈ గొడుగు పట్టుకో.”

“వాన లేదుగా?”

“పెద్దమనుషులు వాన కోసం పట్టుకోర్రా గొడుగు. ఇక బేరం. నేను అమ్మేవాణ్ణి. అడుగు.”

“ఈ సబ్బెంత?”

“ఇరవై.”

“పాతిక్కి ఇస్తావా?”

“ఒరేయ్!”

“అలవాటు బావా. నా పనిలో అవతలివాడు తగ్గిస్తాడు, నేను పెంచుతాను. ఎప్పుడైనా నేను ఏదైనా కొనడం చూశావా?”

“చూళ్ళేదు. నా కొట్లో కూడా చూళ్ళేదు. మళ్ళీ అడుగు.”

“ఈ సబ్బెంత?”

“ఇరవై.”

“అంతా? మా ఊళ్ళో పదికే ఇస్తారు!”

“అదీ! ఆ ‘మా ఊళ్ళో’ అన్నావు చూడు, అద్భుతం. ఇంద, డబ్బులు. అన్ని బల్లల దగ్గరా ఆగు. వాసన చూడు, తల ఊపు, కొను.”

“ఈ డబ్బంతా పోయినట్టేగా? ఎవరైనా తిరిగిస్తారా?”

“పోతే పోయింది. మీ అన్నయ్య ఇచ్చే జీతంతో పోల్చి చూశాను. మేకులు తూయడం కన్నా ఇదే చవక.”

“ఏమండీ, జీపు! జీపు వచ్చేసింది!”

“వెళ్ళు వెళ్ళు వెళ్ళు. వెనక తలుపు నుంచి. కంగారు పడకు. గొడుగు తిరగేసి పట్టుకున్నావురా!”

“వెళ్ళాడండీ. కిటికీలోంచి కనపడుతున్నాడు.”

“ఏమైందే? నాకేం కనపడ్డం లేదు, నీ తల అడ్డం. చెప్పు.”

“అధికారి దిగాడు. పొట్టిగా ఉన్నాడు. నీరసంగా ఉన్నాడు. మంగలి ఎదురెళ్ళి సబ్బు ముక్కు దగ్గర పెట్టాడు. తుమ్మాడు.”

“మంగలా?”

“అధికారి.”

“మనవాడో?”

“వడ్రంగి దగ్గర ఉన్నాడు. కొన్నాడు... అయ్యో, పెట్టె ఉంచుకుని సబ్బు తిరిగిచ్చేస్తున్నాడు.”

“వెధవ!”

“మా తమ్ముణ్ణి ఏమనకండి. అధికారి ఆగిపోయాడు. వాణ్ణే చూస్తున్నాడు. గుడ్లప్పగించి చూస్తున్నాడు.”

“ఇష్టంగానా? అనుమానంగానా?”

“తెలీడం లేదు. నోరు తెరిచే ఉంది. వీడు పంతులుగారి దగ్గరికెళ్ళాడు. అధికారీ వెనకే వెళ్ళాడు. వీడు కంసాలి దగ్గరికెళ్ళాడు. అధికారీ వెళ్ళాడు. వీడు నడక పెంచాడు.”

“పెంచొద్దను!”

“ఇక్కణ్ణుంచి ఎలా అనను? ఇప్పుడు మరదలి బల్ల దగ్గర ఆగాడు.”

“వద్దురా, అక్కడొద్దు...”

“కూర్చున్నాడు.”

“కూర్చున్నాడా!”

“కుర్చీ వేసింది. మంచినీళ్ళిచ్చింది. విసురుతోంది కూడా. ఇంకా లేవడం లేదు వీడు. ఆ... లేచాడు. ఇటే వస్తున్నాడు.”

“బావా! అక్కా! నన్ను గుర్తుపట్టలేదు! ‘రండి, కూర్చోండి, ఎండలో వచ్చారు’ అంది. పెళ్ళయ్యాక నన్ను ఒక్కసారైనా రండి అన్నదా? ఎంత మర్యాద! ఎంత చల్లటి మాట! నేను వారం వారం ఇలాగే వెళ్తాను బావా.”

“ఏం కొన్నావురా అక్కడ?”

“ఉన్నవన్నీ. బొగ్గుతో సహా.”

“ఒక్కోటి ఎంతకిచ్చింది?”

“నలభై.”

“ఊరంతా ఇరవైకి అమ్ముతుంటే నీకు నలభయ్యా?”

“మంచి సరుకు బావా.”

“నిన్ను గుర్తుపట్టిందిరా.”

“మరి మర్యాద?”

“డబ్బులు నావని కూడా గుర్తుపట్టింది.”

“ఉష్! తలుపు కొడుతున్నారు.”

“తియ్యకే.”

“తెరిచే ఉందండీ. వచ్చేశాడు.”

“లోపలికి రావచ్చా? ఈ ఊరి సంత చూడ్డానికి వచ్చిన అధికారిని. నల్ల కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన ఇటే వచ్చారే?”

“అయ్యగారూ! రండి రండి. ఆయన... ఆయన దూరపు ఊరి వ్యాపారస్తుడండీ. మా సంతకి తరచూ వస్తుంటారు. ఇప్పుడే వెళ్ళిపోయారు.”

“ఈ గొడుగు వెనక ఉన్నారు.”

“ఆ, అవునండీ. వెళ్ళబోతున్నారు.”

“అయ్యా, ఒక్కసారి మీ చెయ్యి ఇటివ్వండి. మీరు నిజంగానే కొన్నారా?”

“కొ... కొన్నానండీ. మా ఊళ్ళో పదికే ఇస్తారు.”

“డబ్బిచ్చి?”

“డబ్బిచ్చేనండీ.”

“ఎవరూ బలవంతం చెయ్యకుండా?”

“బావా, చెయ్యి వదలడం లేదు!”

“ఆయనకి బావ వరస అవుతానండీ, ఊరికే, పిలుపుకి. అయ్యగారూ, తప్పంతా నాది. ఆ కుర్రాణ్ణి వదిలెయ్యండి. సంత ఎత్తేసినా ఫరవాలేదు, నేను మేకులు...”

“ఎత్తెయ్యడమేంటండీ? ఈ ఏడాదిలో ఎన్ని పల్లెలు తిరిగానో! ఎక్కడికెళ్ళినా అందరూ అమ్మేవాళ్ళే. కొనే మనిషి ఎలా ఉంటాడో కూడా మర్చిపోయాను. మీ సంత ఉంటుంది, బస్సూ ఉంటుంది, ఇప్పుడే సంతకం పెడతాను. కానీ ఒక్కటే షరతు.”

“ఏమిటండీ?”

“ఈయన్ని ఇక్కడే కూర్చోబెట్టండి, నేను జీపు దగ్గరికెళ్ళొస్తాను. మా ఆవిడ కూడా ఇలాంటి శిక్షణకే వెళ్ళి సబ్బులు నేర్చుకుంది, వెనక సీట్లో నాలుగు గోనెలున్నాయి.”