ఐదు మిల్లీమీటర్లు

నరసరావుపేటలో స్కానింగ్ చేయించుకుని అత్తాకోడళ్లు ఈపూరు బస్సెక్కారు. ఊరు దాటాక అత్త అడిగింది.

"ఇయ్యాల పిండాన్ని కడుపులో పెడతామన్నారు గదమ్మా. డాక్టరమ్మ ఎందుకు వద్దంది?"

"గర్భసంచి లోపలి పొర ఐదు మిల్లీమీటర్లే ఉందంట అత్తయ్యా. కనీసం ఏడుండాలంట. పిండం అతుక్కునేది ఆ పొరకేగా."

"మాత్రలు మింగుతానే ఉన్నావుగా."

"మింగినా పెరగలా. మూడు నెలల్నించీ అంతే."

"మరి ల్యాబులో తయారుచేసిన ఆ పిండాలు?"

"అయ్యి మంచియ్యేనంట. గడ్డకట్టించి ఆసుపత్రిలోనే దాచారు."

"ఇంతకుముందు లోపల గీకించారా అని అడిగింది నిన్ను."

"అడిగింది. అవునన్నా."

"నీకు మూడోనెల్లో కడుపు పోయినప్పుడు, పేట దాకా ఎందుకులే అని ఊళ్లో కాన్పులు చేసే ఆమె చేత కడిగించింది నేనేగా."

"మీరే."

"ఆ గీకినచోట మచ్చలు కట్టబట్టే పొర రావట్లేదంది."

"అట్టానే అంది."

"నేను పక్కనే కూర్చున్నా. నా పేరు ఎందుకు చెప్పలా?"

"చెబితే పొర పెరుగుద్దా అత్తయ్యా?"

అత్త ముందు సీటు కమ్మీ పట్టుకుని కోడలి వైపు తిరిగింది.

"అబ్బాయికి నేనే చెబుతా. నీ ఒంట్లోనే లోపమనుకుంటున్నాడు."

"చెప్పండి."

"నన్ను ఒక్క మాటన్నా అనవేందే?"

"అనాలని కూడా అనిపించట్లా అత్తయ్యా. వచ్చేనెల లోపలికి కెమెరా పెట్టి ఆ మచ్చలు తీస్తారంట. ఆయనకి మిల్లులో సెలవు దొరకదు. సంతకం పెట్టటానికి మీరు రండి."