ప్లేటు మీది పేరు

ఏందే సుమిత్రా, మా ఇంటాయన పేరేందని అడుగుతున్నవా? సాల్లే! మొగని పేరు నేనెన్నడన్న నోట తీసుకున్ననా? పక్కింట్ల కిరాయికి దిగి నెల కాలే, నన్నే పరేషాన్ చేస్తున్నవు. కూసో. గా గ్రాంఫోను ప్లేటు సూడు, గది చెప్తది. ముందుగాల దాని ముచ్చట ఇను.

మా అత్త లింగవ్వ. గాయిన పాకే పోరడప్పుడే సచ్చిపోయిందట, అవ్వ మొకం సుత యాది లేదు. మా ఊరు రుద్రూర్ల నాట్లంటే ఆమె పాట ఉండాల్సిందేనట. తెల్లోళ్ల జమానల ఎవరో దొర ఆమెను సికింద్రాబాదుకు తోల్కపోయి, పాటను ప్లేటుకెక్కిచ్చే పెద్ద బాక ముంగట పాడిపిచ్చిండు. గంతే, ప్లేటు ఊరికి రాలే. ఊరోళ్లు ఊకుంటరా? "ఏ, నాట్ల పాటను దొరలు పట్టుకపోతరా!" అని ఎక్కిరిచ్చుడు. గాయినకు గదొక్కటే రంధి, అవ్వ గొంతు ఒక్కపారన్న ఇనాలని. తీరుబాటు దొరికితే సాలు, నిజామాబాద్ దుకాన్లల్ల తిరుగుడు. "సేట్, లింగవ్వ ప్లేటున్నదా?" "నహీ హై భాయ్, జావ్!" మొకం ఏలాడేసుకొని ఇంటికొస్తుండె, నేను మల్ల సద్ది గట్టి తోలుదును.

ఇగ ఆంధ్ర నుంచొచ్చి బోధన్ల కాలువ కింద భూములు కొన్న రామకోటేశ్వరరావుకు గ్రాంఫోను పిచ్చి. మేమిద్దరం ఆయన చెరుకు కొట్టనీకె పోతే, "ఏవయ్యోయ్! పాత ప్లేట్లు కొన్నాను, ఒకదాని మీద నీ పేరుందేంటి? వింటే ఆడమనిషి గొంతు! ఎప్పుడు పాడావయ్యా?" అని ఒకటే నవ్వుడు. మా ఆయన కత్తి ఆడనే పారేసి రావు ఇంటికి ఉరికిండు, ఎనుక నేను.

అయ్యో, నవ్వాల్నా ఏడ్వాల్నా! గప్పట్ల పాట ఒడిసినంక పాడినోళ్లు గా బాకలనే తమ పేరు చెప్పాలె. మన దిక్కు పిల్లతల్లిని పేరుపెట్టి పిలిచేదెవలే? ఫలానోని అవ్వ అంటరు. గామె గట్లనే చెప్పింది. గా దొర ఆమె కొడుకు పేరే ప్లేటు మీద రాసిండు! గాయిన అవ్వ పేరు మీద దేవులాడె, ప్లేటేమో గాయిన పేరు మీదనే తిరుగుతుండె.

రావు ప్లేటు పెట్టిండు. పాటొడిసి, అవ్వ నోట తన పేరు ఇనవడంగనే, మీసాలు నెరుస్తున్న మనిషి, "ఓ అవ్వా!" అని పలికిండు. ఇంట్లకెల్లి పిలిస్తే పలికినట్టే. మా అందరి కండ్లల్ల నీళ్లు. రావు గా ప్లేటు తీసి గాయిన చేతుల్లనే పెట్టిండు. ఇప్పుడు గాయిన లేడు గాని, పలుకుడు నేను ఆపలే.

ముల్లు మెల్లగ పెట్టు. అగో, ఎంత సల్లటి గొంతే! ఇగ ఒడుస్తున్నది. సప్పుడు చేయకు, పేరు చెప్తది.

"దేవన్న అవ్వను."

ఓ అత్తా! ఇన్నం, ఇన్నం... ముల్లు తియ్యే పిల్లా, ప్లేటు గీసుకపోతది.