అక్షరాలు నిలవని ఎడిటర్

మధ్యాహ్నం ఆఫీసులో ఒకే మానిటర్ ముందు టీమ్ లీడరూ, అతని కింద పనిచేసే అమ్మాయీ.

“వచ్చే వెర్షన్‌లో మన ఎడిటర్ యాప్ నుంచి మీ ఇంటి భాష టైపింగ్ తీసేస్తున్నామమ్మా.”

“అదేంటి సార్! రెండో అక్షరం కొట్టగానే మొదటిది మాయమవుతోందని మొత్తుకుంటూనే ఉన్నాను. బాగుచేయిస్తానన్నారు.”

“పైవాళ్లు లెక్కలు తీశారు. మీ భాషలో ఎవరూ టైప్ చెయ్యట్లేదట.”

“అక్షరం నిలిస్తే కదా సార్ చేసేది! మా పిన్ని విసిగిపోయి, కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతోంది.”

“నా చేతుల్లో ఏముంది చెప్పు?”

“సరే, తీసెయ్యండి.”

“ఇంకో చిన్న పని. తీసేస్తున్నామని మీ భాషలోనే నోటీసు పెట్టాలట. నువ్వే రాయాలి.”

“ఎందులో టైప్ చెయ్యమంటారు?”

“మన ఎడిటర్‌లోనే...”



“ఒక కాగితం ఇవ్వండి సార్. ఫోటో తీసి పంపుతాను.”