ఊదుడు పరీక్ష

మణుగూరు దాటాక, బొగ్గుబాయి కార్మికుల దవాఖానా వరండా. లోపల కార్మికుల ఊపిరితిత్తుల బలం పరీక్షించే మెడికల్ బోర్డు కూర్చుంది. బయట బల్ల మీద భీమయ్య, పక్కన అతని కూతురు ప్రమీల.

“మళ్ళొకసారి ఊదు బాపూ. నా పిడికిలే గొట్టమనుకో.”

“ఊదిన కదనే.”

“గట్ల కాదు. పెదాలు సగమే మూయాలె. గాలి పక్కల నుంచి పోవాలె. డాక్టర్‌కు తెల్వొద్దు.”

“నీ కోచ్ నేర్పిండా గిది?”

“కోచ్ ఎక్కువ ఊదుడు నేర్పిండు. తక్కువ ఊదుడు నేనే కనిపెట్టిన.”

“మంచిగున్నది.”

“నవ్వకు. నీకు అన్‌ఫిట్ రాస్తేనే నీ నౌకరీ నాకొస్తది. ఈ నెల దాటితే నీకు మిగిలిన సర్వీసు రెండేండ్లకు తక్కువైతది, గా చాన్సు గూడ పోతది.”

“రాష్ట్రానికి పద్నాలుగు బంగారు పతకాలు తెచ్చిన పిల్లకు బాయి నౌకరీయా?”

“పతకాలు అమ్మ బియ్యం డబ్బాల పెట్టింది. ఎవరడుగుతున్నరు?”

“నేనడుగుతున్న.”

“రెండుసార్లు భుజం కోసిండ్రు బాపూ. ఇగ ఈత లేదు. స్పోర్ట్స్ కోటాల పేరు రాలే. పదేండ్ల సంది హాస్టళ్ళల్లనే ఉన్న, ఇంకో పని రాదు. నీళ్ళ బయట నేనెవ్వరిని?”

“గట్లనకు.”

“మరి ఊదు. నాకు భయమైతుంది. కిన్నెరసాని వాగుల నన్ను వీపు మీద ఎక్కించుకొని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోయినోడివి. నీ ఊపిరి సంగతి నాకు తెల్వదా?”

“గప్పుడు నువ్వు ఆరేండ్ల పిల్లవు.”

“ఊదినంక కొంచెం దగ్గు.”

“దగ్గుడు గూడ నేర్పుతవా?”

“బాపూ, దండం పెడత. ఈ ఒక్కసారి నా కోసం ఓడిపో.”

“పేరు పిలుస్తున్నరు. చెయ్యి వదులు.”

అరగంట తరువాత, అదే బల్ల.

“ఏమన్నరు? చెప్పు, ఏమన్నరు?”

“కూసోనీ.”

“ఫిట్ అన్నరా?”

“అన్‌ఫిట్.”

“నిజంగనా! ఎన్నిసార్లు ఊదమన్నరు?”

“మూడు.”

“మూడుసార్లు ఒక్కతీరుగ ఊదినవా? గదే కష్టం.”

“ఒక్కతీరుగనే వచ్చింది.”

“అనుమానపడలేదా?”

“లేదు. పెద్ద డాక్టరు లేచొచ్చి భుజం మీద చెయ్యేసిండు.”

“సిన్మాల ఉండాల్సినోడివి బాపూ! ఏంది, ముఖం గట్ల పెట్టినవ్? తప్పు చేసినమనా?”

“గది కాదు.”

“నౌకరీ పోయిందనా?”

“గదీ కాదే.”

“మరేందో చెప్పు!”

“లోపలికి పోంగనే మనసు ఒప్పలే. నువ్వు బాయి మొకం చూడొద్దు, నాకు ఫిట్ రావాలె అనుకున్న. పెదాలు గట్టిగ మూసి, ఉన్న బలమంత పెట్టి ఊదిన బిడ్డా. మూడుసార్లు.”